కంపపొదలో పండు కనబడితే ముందు ఏం చూడాలి?

మాది కడప జిల్లా సిద్ధవటం వైపు, లంకమల కొండల కింద. బాటనీ చెప్పేవాణ్ణి. పిల్లల్ని బీడు భూముల్లోకి తీసుకెళ్తే మొదటి ప్రశ్న "సార్, ఇది తినొచ్చా?" అనే. ముందు దాని పేరు చెప్పు, తినే సంగతి తర్వాత చూద్దాం అంటాను. పేరు తెలియని పండు మంచిదో కాదో తేల్చే అడ్డదారి లేదు. పిట్టలూ కోతులూ తింటే మనమూ తినొచ్చంటారు. ముష్టి పండు గుజ్జును కోతులు తింటాయి, దాని గింజలో ఉండేది స్ట్రిక్నిన్ అనే ప్రాణాంతక విషం. మేక మేసింది కదా అంటారు. మేక కడుపు వేరు, మన కడుపు వేరు.

పాలు కారే చెట్టు జోలికి పోవద్దన్న మాట వీటన్నిటికంటే కాస్త నయం. పచ్చగన్నేరు, జిల్లేడు విషయంలో అది నిజమే. కానీ మా దగ్గర అందరూ ఇష్టంగా తినే కలివి కూడా గన్నేరు కుటుంబానిదే. పచ్చికాయ తుంచితే తెల్లటి పాలు బంకగా వేళ్ళకు అంటుకుంటాయి. కోస్తాలో పప్పులో వేసే వాక్కాయ దీనికి దగ్గరి చుట్టం.

కలివి ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి, దళసరిగా మెరుస్తుంటాయి. ముల్లు గట్టిది, చాలాసార్లు కొసన రెండుగా చీలి ఉంటుంది. పూలు తెల్లవి, అయిదు రేకులు, మంచి వాసన. కాయ ఎర్రబడి, పండాక నల్లబడుతుంది. ఇవన్నీ కలిస్తేనే కలివి. 1986లో మా జిల్లాలో మళ్ళీ కనబడిన కలివికోడి అనే అరుదైన పక్షి తిరిగేది ఇలాంటి పొదల మధ్యనే, కాబట్టి పండ్ల కోసం పొద నరకొద్దు. అభయారణ్యం లోపలైతే అసలేమీ కోయకూడదు. నేను చెప్పేదంతా పొలం గట్లు, ఊరి బీళ్ళ గురించి.

తినే పండ్ల పొదలు ఇంకో రెండున్నాయి, పరికి, బలుసు. పరికి ఆకులు జంటలుగా రావు, కొమ్మకు ఒకసారి ఇటు, ఒకసారి అటు వస్తాయి. ఆకు మొదట్లోంచే మూడు ఈనెలు స్పష్టంగా బయల్దేరతాయి. ముల్లు వెనక్కి వంగి ఉంటుంది, చొక్కా పట్టుకుంటే వదలదు. పండు నల్లగా, బఠాణీ అంత. బలుసుకి ఆకులూ ముళ్ళూ రెండూ జంటలే, ముల్లు సూటిగా ఉంటుంది, పండు పసుప్పచ్చ. బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారే, ఆ బలుసే.

ఇక అసలు ప్రమాదం పొద కంటే దాని మీద పాకిన తీగతో. పండు తొడిమ పట్టుకుని అది ఏ కాండానికి చేరుతుందో చివరిదాకా చూడండి. కలివి పొదలోనే గురువింద తీగ అల్లుకుని ఉండొచ్చు. చింతాకులాంటి ఆకులు, ఎండి పగిలిన కాయలో నల్ల మచ్చతో ఎర్రటి గింజలు. ఆ గింజ నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. కంచెల మీద పాకే లింగదొండ పండ్లు ఎర్రగా, తెల్లచారలతో ముచ్చటగా ఉంటాయి. అవి తినేవి కావు.

రోడ్డు పక్కన ఎక్కువగా కనబడేది లాంటానా. నాలుగు పలకల కాండం, గరుకు ఆకు, నలిపితే ఘాటు వాసన, తరచూ ఒకే గుత్తిలో రెండు రంగుల పూలు. పచ్చికాయలు విషం. పండినవి పిల్లలు తింటుంటారు గానీ, ఒకే గుత్తిలో రెండూ కలిసి ఉంటాయి కాబట్టి నేను వద్దనే అంటాను. కామంచి కూడా బాగా పండినదే తినాలి, పచ్చికాయ ముట్టొద్దు.

గొర్రెల కాపరిని అడగడం మంచి పద్ధతే. "తినొచ్చా?" అనొద్దు, మొహమాటానికి ఊ అనేస్తారు. "దీన్నేమంటారు, ఎప్పుడు పండుతుంది, ఎట్లా తింటారు?" అని అడగండి. తిన్నవాళ్ళయితే తొక్క, గింజ సంగతులు కూడా వాళ్ళే చెప్తారు.

ఫోన్‌లో మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌ని అడిగేటప్పుడు పండు ఫొటో ఒక్కటే తీస్తే లాభం లేదు. ఆకు రెండు వైపులా, ఆకులు కొమ్మకు అతికిన తీరు, ముల్లు, పువ్వు, కోసిన పండు, మొత్తం పొద, అన్నీ తీయండి. యాప్ చెప్పేది ఊహ మాత్రమే. అది చెప్పిన పేరు పట్టుకుని దగ్గర్లోని డిగ్రీ కాలేజీ బాటనీ లెక్చరర్‌కి కొమ్మ చూపించండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. అక్కడ పెరట్లో నల్లటి పండ్ల గెలలతో, ఎర్రటి ఊదా కాండంతో మొలిచేది పోక్‌వీడ్. అది విషపు మొక్క, కామంచి అనుకుని కోయకండి.

పిల్లలు ఏదైనా తిన్నారని అనుమానం వస్తే నోట్లో మిగిలింది ఉమ్మించి, నోరు కడిగించి, 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించొద్దు. బాగానే ఉన్నాడు కదా అని ఆగొద్దు, గురువింద ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడుతుంది. పండూ ఆకూ ఉన్న కొమ్మ ఒకటి విరిచి డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్ళండి.