ఇంట్లో మనిషి పోయాక ఆ పదమూడు రోజులు: కషాయాలు, కర్మలు, కాస్త నిద్ర

ఇంట్లో ఒకరు పోతే వచ్చిన ప్రతి చుట్టం ఒక రూలు చెప్పి పోతారు, ఇది చెయ్యాలి అది చెయ్యకూడదు అని, చివరికి ఏడవాల్సిన మనిషికి ఏడ్చే టైమే ఉండదు. అందుకే ఇది రాస్తున్నా. శాస్త్రం మీ పంతులుగారు చెప్తారు, నేను చెప్పేది ఆ రోజుల్లో ఒంటినీ మనసునీ ఎలా చూస్కోవాలో. నేను పెట్టుకున్న లెక్క ఒకటే: మిమ్మల్ని ఏడవనిచ్చేవి, తిననిచ్చేవి, పడుకోనిచ్చేవి ఉంచుకోండి, అవమానించేవీ అప్పులు చేయించేవీ ఎవరు చెప్పినా వదిలేయండి.

ముందు మొదటి రోజు సంగతి. శ్మశానం నుంచి రాగానే గుమ్మం బయటే నీళ్ళు, వేపాకు పెడతారు కదా, ఒక ఆకు నమిలి ఉమ్మేసి, కాళ్ళు కడుక్కుని, తలస్నానం చేసి లోపలికి రావడం. ఇది మానకండి, మైల నమ్మినా నమ్మకపోయినా సరే. పొగ, చెమట, ఎండలో నిలబడ్డ అలసట అన్నీ ఆ స్నానంతో కొంచెం దిగుతాయి. వేడినీళ్ళలో గుప్పెడు వేపాకు వేసి మరిగించి బకెట్లో కలుపుకుంటే ఇంకా మంచిది, దగ్గర్లో వేపచెట్టు లేకపోతే మామూలు వేడినీళ్ళు చాలు.

ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించరు, పక్కింటివాళ్ళో వియ్యాలవారో అన్నం పంపిస్తారు. నాకు తెలిసి మొత్తం ఆచారాల్లో దీన్ని మించింది లేదు. మీరు పక్కింటివాళ్ళయితే గనక ఘుమఘుమలాడే కూరలు వద్దు, మెత్తగా వండిన అన్నం, మిరియాల చారు, పెరుగు చాలు, అందులో పెద్దవాళ్ళకి కొంచెం పల్చగా గంజో రాగి జావో. మొదటి రెండు రోజులూ ముద్ద గొంతు దిగదు, "తినండి తినండి" అని బలవంతపెట్టకుండా గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చుంటే వాళ్ళే తాగుతారు. ఇంకో పని కూడా వచ్చినవాళ్ళే చెయ్యాలి, ఇంట్లో పెద్దవాళ్ళ షుగరు బిళ్ళలు, బీపీ బిళ్ళలు ఎక్కడున్నాయో అడిగి టైముకి వేయించడం. కర్మ చేసే కొడుకు ఒంటిపూట భోజనం అని కూర్చుంటాడు, ఇన్సులిన్ తీసుకునే మనిషైతే అది ప్రమాదం, డాక్టరుకి ఫోన్ చేసి డోసు అడగండి, పంతులుగారికి కూడా ముందే చెప్పండి, పాలూ పళ్ళూ తీసుకోమని చాలామంది వాళ్ళే అంటారు.

ఇక కషాయం. ఏడ్చి ఏడ్చి తల పగిలిపోతుంటే, కడుపులో ఏమీ లేక వికారంగా ఉంటే మా వైపు పెట్టేది ధనియాల కషాయం. రెండు స్పూన్ల ధనియాలు, ఒక స్పూను జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి, చిటికెడు శొంఠి పొడి, మూడు నాలుగు మిరియాలు, ఐదారు తులసాకులు వేసి రెండు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసు అయ్యేదాకా సన్నటి మంట మీద మరగనివ్వాలి, వడగట్టి కొంచెం బెల్లం కలిపి గోరువెచ్చగా తాగాలి. కడుపులో మంట ఉన్నవాళ్ళు మిరియాలు, శొంఠి తీసేయండి. ఇది దుఃఖాన్ని తగ్గించదు, తగ్గిస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, ఒంట్లోకి కాసిని వేడి నీళ్ళు పోతాయి, కాస్త తీపి పోతుంది, వికారం తగ్గుతుంది, అంతే, ఆ టైములో అదే ఎక్కువ.

రాత్రి నిద్ర పట్టదు. మన అమ్మమ్మలు జాజికాయని సానరాయి మీద రెండు చుక్కల పాలు పోసి అరగదీసేవాళ్ళు చూడండి, రాయి మీద గోధుమరంగు గంధంలా వస్తుంది, మూడు నాలుగు చుట్లు తిప్పితే వచ్చేదే, దాన్ని వేలితో తీసి గ్లాసుడు వేడి పాలల్లో కలిపి ఇచ్చేవాళ్ళు. అంతే, ఇంకో చుట్టు వద్దు. జాజికాయ ఎక్కువైతే గుండె దడ, వాంతులు, లేనివి కనపడటం దాకా పోతుంది, స్పూనుతో పొడి వేసుకునే వస్తువు కాదది. గర్భిణులకి, పిల్లలకి, నిద్ర మాత్రలు వాడేవాళ్ళకి అసలు వద్దు. వీళ్ళకి ఉత్త వేడి పాలు, అరికాళ్ళకి కొంచెం గోరువెచ్చని నువ్వుల నూనెతో మర్దన. మర్దన ఇంకొకళ్ళు చెయ్యాలి, సగం గుణం నూనెలో ఉంటే సగం ఆ చేతుల్లో ఉంటుంది.

అశ్వగంధ గురించి అందరూ వాట్సాప్‌లో పంపిస్తారు, మన ఊళ్ళల్లో పెన్నేరు గడ్డ అంటారు. థైరాయిడ్ మందులు వాడేవాళ్ళు, లివర్ ప్రాబ్లం ఉన్నవాళ్ళు, గర్భిణులు దాని జోలికి పోవద్దు, మిగతావాళ్ళు కూడా వైద్యుడిని అడిగే. లేబుల్ లేని పొట్లంలో కట్టిచ్చే పొడులు, భస్మాలు అయితే ఎంత తెలిసినవాళ్ళు ఇచ్చినా వద్దు, కొన్నింట్లో సీసం, పాదరసం ఉంటాయి.

సాంబ్రాణి సాయంత్రం పూట వేస్కోండి, కొబ్బరి చిప్ప నిప్పుల మీద అయితే ఆ వాసనే వేరు, అపార్ట్‌మెంట్లో కప్పు సాంబ్రాణితో సరిపెట్టుకోవాలి. కిటికీలు తీసే ఉంచండి. ఆయాసం ఉన్నవాళ్ళు ఉంటే పొగే వద్దు.

ఇప్పుడు కర్మల దగ్గరికొద్దాం. ఆంధ్ర వైపు మూడో రోజు చిన్నకర్మ, పదకొండో పన్నెండో రోజు పెద్దకర్మ అంటారు, తెలంగాణలో మూడొద్దులు, దినాలు అంటారు, కులాన్ని బట్టి ఇంటిపేరుని బట్టి లెక్క మారుతుంది, ముస్లిం ఇళ్ళల్లో మూడో రోజు జియారత్, క్రైస్తవుల ఇళ్ళల్లో ఆదరణ కూడిక ఉంటాయి. రోజులు వేరైనా ప్రతిచోటా ఒక సంగతి కనపడుతుంది, పోయిన మనిషి ఇంట్లోవాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇస్తారు. పది రోజులూ పిండం పెడతారు కదా, గరుడ పురాణం ప్రకారం ఒక్కో రోజు పిండంతో పోయినవాళ్ళకి ఒక్కో అంగం ఏర్పడుతుంది, మొదటి రోజు తల, అలా వచ్చి పదో రోజుకి ఆకలి దప్పిక. నమ్మకం పక్కన పెట్టి చూసినా, నాన్న కోసం ఇంకేం చెయ్యలేను అని కూర్చున్న కొడుకుకి పొద్దున్నే లేచి అన్నం వండి, నల్ల నువ్వులు కలిపి, చేత్తో ముద్ద చెయ్యమని చెప్పడం చిన్న విషయం కాదు. అందుకే వీడియో కాల్లో వేరేవాళ్ళతో చేయించేసే కన్నా, వీలైతే మీ చేత్తోనే చెయ్యండి.

కాకి ముట్టడం గురించి చాలా భయపడతారు. పిండం పెట్టి పక్కకి జరిగి నిలబడతారు, కాకి వస్తుంది, చుట్టూ తిరుగుతుంది, ముట్టదు. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కళ్ళు చెప్పడం మొదలుపెడతారు, చెల్లి పెళ్ళి మేం చేస్తాం, అమ్మని చూస్కుంటాం, ఆ పొలం అమ్మం అని. మామూలుగా నోరు దాటని మాటలు అందరి ముందూ పైకి వచ్చే చోటు అదొక్కటే. చెప్పండి, సిగ్గుపడకండి. కానీ కాకి రాలేదంటే ఆత్మ బాధపడుతోందని మీ మీద నింద వేస్తే మాత్రం వినకండి, సిటీల్లో కాకులే తగ్గిపోయాయి. రాకపోతే ఆవుకి పెడతారు, లేదా నీళ్ళల్లో కలుపుతారు, దానికి పద్ధతి ఎప్పటినుంచో ఉంది.

ఒక్క విషయంలో మాత్రం నేను మొహమాటపడను. భర్త పోయిన ఆవిడకి పదో రోజు గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచి, చీకట్లో కూర్చోబెట్టడం ఆపించండి. ఆవిడ నోరు తెరిచి వద్దనే స్థితిలో ఉండదు, కొడుకో కూతురో మరిదో ముందు రోజే పెద్దవాళ్ళతో మాట్లాడాలి, ఆ టైముకి అక్కడ మొదలుపెట్టాక ఆపడం కష్టం. "అత్తయ్యగారు, అమ్మ ఇష్టం ఎలా ఉంటే అలా, మేం ఏమీ తీయించం" అని ఒక్క మాట గట్టిగా అంటే చాలాచోట్ల ఆగిపోతుంది. అలాగే పెద్దకర్మ భోజనాలకి వడ్డీకి తెచ్చి వందల మందికి పెట్టడం కూడా, పోయినవాళ్ళ ఆకలి తీర్చడానికి ఊరంతా తినక్కర్లేదు.

పైకి ఏడవడాన్ని ఈ మధ్య సిటీల్లో అసహ్యంగా చూస్తున్నారు. ఊళ్ళల్లో ఆడవాళ్ళు శోకాలు పెట్టి ఏడుస్తారు, పోయినవాళ్ళు ఏం తినేవాళ్ళు, ఏ పొలం ఎట్లా దున్నేవాళ్ళు అన్నీ రాగంలో చెప్తూ, పక్కన కూర్చున్నవాళ్ళు అందుకుంటారు. పిల్లలు భయపడతారని ఆ ఏడ్చే ఆడవాళ్ళని లోపలికి పంపించేయకండి, ఆ ఏడుపు ఆపితే ఎప్పుడో ఇంకో చోట తేలుతుంది. పిల్లలకి ముందే చెప్పి ఉంచితే సరి.

పెద్దకర్మ అయ్యాక నిద్రకి తీసుకెళ్తారు, మేనమామ ఇంటికో, అత్తగారింటికో, కొందరు గుడిలో ఒక రాత్రి నిద్ర చేసి వస్తారు. వెళ్ళండి. పన్నెండు రోజులు అదే ఇంట్లో అదే మంచం చూస్తూ ఉన్నాక ఒక్క రాత్రి వేరే కప్పు కింద పడుకుంటే ఒళ్ళు తెలియకుండా నిద్ర పడుతుంది చాలామందికి. తిరిగొచ్చాక కుంకుడుకాయలతో తలంటుకోండి, కాయలు కొట్టి గింజ తీసి రాత్రే వేడి నీళ్ళల్లో నానబెడితే పొద్దున చేత్తో పిసికితే నురుగు వచ్చేస్తుంది, కళ్ళల్లో పడకుండా చూస్కోండి.

దేశం బయట ఉన్నవాళ్ళు అస్థికలు తెచ్చుకోవాలంటే చెక్క లేదా ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, లోహం డబ్బా అయితే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రేలో లోపలిది కనపడదు, పంపించరు. డెత్ సర్టిఫికెట్, దహనం సర్టిఫికెట్ చేతి సంచిలో పెట్టుకోండి, ఎయిర్‌లైన్‌ని ముందే అడగండి. ఇక్కడికొచ్చాక రాజమండ్రి కోటిలింగాల రేవు, కాళేశ్వరం, బీచుపల్లి, విజయవాడ, ఏది మీ ఇంటి అలవాటైతే అది.

తర్పణం మీరున్న దేశంలోనే ఉండి చేసుకోవాలనుకుంటే పెద్ద కష్టం కాదు. దక్షిణం వైపు తిరిగి కూర్చుని, అరచేతిలో కాసిని నల్ల నువ్వులు వేసుకుని, నీళ్ళు పోస్తూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పళ్ళెంలోకి వదలాలి, గోత్రం, పేరు చెప్తూ మూడుసార్లు. తడిసిన నువ్వులు అరచేతికి అంటుకుపోతాయి, ఇంకో చుక్క నీళ్ళు పోసి వదిలించాలి. మంత్రం రాకపోతే పేరు చాలని నా అభిప్రాయం, ఒప్పుకోని పంతుళ్ళుంటారు. అది కూడా కుదరకపోతే మహాలయ అమావాస్యకి, అంటే తెలంగాణలో పెత్రమాస రోజున స్వయంపాకం ఇవ్వొచ్చు, బియ్యం, పప్పు, అరటికాయ, కంద, బెల్లం, నెయ్యి, చింతపండు ఒక పళ్ళెంలో పెట్టి.

నెలలు గడిచినా తిండి నిద్ర లేకుండా, పనికి లేవలేకుండా ఉంటే, నేనూ పోతే బాగుండు అన్న మాట ఒక్కసారి వినపడినా కషాయాలతో టైం వేస్ట్ చెయ్యొద్దు, 14416 టెలి మానస్‌కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి.

చివరగా మాసికాలు, ఏడాది తద్దినం. పోయిన రోజు తిథి, పక్షం, మాసం, టైముతో సహా ఒక కాగితం మీద రాసి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఫోటో పెట్టుకోండి. తారీఖు మీద రిమైండర్ పెడితే పనికిరాదు, తిథి ఏటా వేరే తారీఖున వస్తుంది, అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇక్కడికీ అక్కడికీ ఒక రోజు తేడా కూడా రావచ్చు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఆ ఏడాది తద్దినం ఎప్పుడో చూసి సెలవు పెట్టేసుకోండి, టికెట్లు అప్పుడే చౌక.