కటింగు మీద కేసు వేసే ముందు చూడాల్సినవి

తాడిపత్రి బండల పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో చాలా ఏళ్లు జీతాల రిజిస్టరు రాశాను. ఇప్పటికీ పిల్లోళ్లు జీతం చీటీ పట్టుకుని వస్తుంటారు, "సార్, కటింగు చేసినారు, కేసు వేయొచ్చా?" అని. ముందు చీటీ ఇటివ్వమంటాను. కోసింది చట్టం లెక్కలో వేతనమా కాదా అన్నదే మొదట తేలాలి.

2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ 2019 అనే చట్టం అమల్లోకి వచ్చింది. బేసిక్, డీఏ (కరువు భత్యం) గురించి గొడవే లేదు, అవి వేతనమే. తికమకంతా మిగతా వాటితోనే. ఇంటి అద్దె భత్యం, రాకపోకల భత్యం, ఓటీ (అదనపు గంటల పని డబ్బు) మామూలుగా వేతనం కిందికి రావు. కానీ జీతం చెల్లింపు తగాదాలో మాత్రం ఈ మూడూ వేతనమే. "ఓటీ జీతం కాదబ్బా" అని ఆఫీసులో అంటే తలూపి రావద్దు.

బోనస్, కమీషన్, గ్రాట్యుటీ, యజమాని కట్టే పీఎఫ్ వాటా ఇందులోకి రావు. లోడుతో బళ్లారి పోతే దారి ఖర్చులకిచ్చే బత్తా కూడా అంతే. అవి రాకుంటే అడగొద్దని కాదు, వాటి లెక్క వేరు.

ఒకబ్బాయి చీటీలో 'బ్రేకేజ్ 2,000' అని ఉంది. జీతం 15,000. పలక పగిలిందట, సంజాయిషీ మాత్రం ఎవరూ అడగలేదు. అలా కోయడం కుదరదు. అది అతనికి అప్పగించిన సరుకై ఉండాలి, అతని నిర్లక్ష్యం వల్లే పోయి ఉండాలి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, నష్టానికి మించి కోయకూడదు. జరిమానా అని పేరు మార్చినా 3 శాతమే, అంటే 450. నాగా పెడితే ఆ రోజుల జీతమే పోవాలి. పదిమంది కలిసి చెప్పకుండా మానేస్తే లెక్క వేరు. అన్ని కటింగులూ కలిపినా వేతనంలో సగం దాటకూడదు.

కేసు దరఖాస్తుకు మూడేళ్ల గడువుంది. మీరే పెట్టొచ్చు, మీ యూనియన్ తరఫునా పెట్టొచ్చు. జీతం సరిగ్గా ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. అయినా హాజరు పట్టీ ఫోటో, బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గరుంచుకోండి. మొత్తం ఒకే అంకెగా వేయకుండా ఏ నెలలో బేసిక్ ఎంత కోశారు, ఓటీ ఎంత ఎగ్గొట్టారు అని విడివిడిగా రాయండి.