సీపీఆర్ బొమ్మ తప్పు చెబుతోందా? ముందు ఇవి చూడండి

సీపీఆర్ అంటే గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కుతూ, గాలి ఊదే ప్రథమచికిత్స. అది నేర్పే క్లాసులో బొమ్మ చూపించే రీడింగ్ ఒకరిద్దరికే తేడా వస్తే అది వాళ్ల చేతిలో లోపం కావచ్చు. అందరికీ ఒకేలా వస్తోందంటే మాత్రం బొమ్మను అనుమానించండి. తప్పు రీడింగ్‌ను నమ్మి నేర్చుకున్నవాళ్లు రేపు అసలు మనిషి మీద కూడా అలాగే నొక్కుతారు.

సమస్య: గట్టిగా నొక్కినా లోతు చాలదంటోంది

పెద్దవాళ్ల బొమ్మలో ఛాతీని నొక్కే లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు ఉండాలి. చాలా సెన్సర్లు ఆన్ చేసిన క్షణంలో ఛాతీ ఉన్న స్థితిని సున్నాగా తీసుకుంటాయి. ఒకసారి క్లాసులో ఎవరు నొక్కినా 4 దాటలేదు. అరగంట పాటు పిల్లలనే సరిదిద్దాను. చివరికి చూస్తే, స్విచ్ వేసేటప్పుడు నేనే ఛాతీ మీద చేయి ఆనించి ఉంచాను! ఆపి, చేయి తీసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోయింది. పాపం, ఆ అరగంట వాళ్లు పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

అప్పటికీ తేడా ఉంటే ఛాతీ పక్కన స్కేలు నిలబెట్టి, ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు చూడండి. స్కేలుకీ తెరకీ పొంతన లేకపోతే సెన్సర్‌ను క్యాలిబ్రేట్ చేయాలి, అంటే దాని కొలతను సరిదిద్దాలి.

లోతు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తే బొమ్మ కింద పరుపు ఉందేమో చూడండి. ఛాతీ మీద పెట్టే చిన్న పరికరం తన కదలికనే కొలుస్తుంది, కాబట్టి పరుపు కుంగినది కూడా లెక్కలో కలుస్తుంది. బొమ్మను గట్టి నేల మీదకు మార్చండి.

సమస్య: నొక్కాక ఛాతీని "పూర్తిగా వదలడం లేదు" అని అందరికీ వస్తోంది

స్ప్రింగ్ అలసిపోయి ఉంటుంది, లేదా ఛాతీ తొడుగు అంచు లోపల ఇరుక్కుని ఉంటుంది. తొడుగు విప్పి సరిగా అమర్చండి. అయినా ఛాతీ పైకి లేవడం నెమ్మదిగా ఉంటే స్ప్రింగ్ మార్చాల్సిందే.

సమస్య: ఊదినా ఛాతీ లేవదు

ముందు తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి చూడండి. చాలా బొమ్మల్లో అలా చేస్తేనే గాలి దారి తెరుచుకుంటుంది. తర్వాత బ్యాగ్ మాస్క్‌తో (చేత్తో పిండి గాలి పంపే సంచి) గాలి పంపండి. అప్పుడు లేస్తే లోపం మాస్క్ పట్టులోనో, ఊదడంలోనో ఉంది. లేవకపోతే లోపలి లంగ్ బ్యాగ్ మెలిపడిందో, చిరిగిందో చూసి కొత్తది వేయండి.

సమస్య: రీడింగ్‌లు చూపే ఫోన్ యాప్‌లో బొమ్మ కనిపించదు

చాలాసార్లు అది అప్పటికే ఇంకో ఫోన్‌కి కనెక్ట్ అయి ఉంటుంది. ఆ ఫోన్‌లో యాప్ మూసేయండి. ఆండ్రాయిడ్ 11, అంతకు ముందు వెర్షన్లలో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. 12 నుంచి సమీప పరికరాల అనుమతి అడుగుతుంది, ఇవ్వండి. మధ్యమధ్యలో తెగిపోతుంటే బ్యాటరీలన్నీ ఒకేసారి మార్చండి, పాతవీ కొత్తవీ కలపొద్దు. బ్యాటరీ గదిలో తెల్లటి పొడి కనిపిస్తే కాంటాక్టులను పొడిగుడ్డతో తుడవండి.

సమస్య: ట్రైనింగ్ ఏఈడీ ప్యాడ్లు అతికించమనే అంటోంది

ఏఈడీ అంటే గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, ట్రైనింగ్‌ది నేర్పడానికి వాడే నమూనా. ప్యాడ్ల వైరు కనెక్టర్‌ను గట్టిగా లోపలికి నొక్కండి. వైరు మొదట్లో తెగిందేమో వేలితో తడిమి చూడండి. ఎంత అవసరమొచ్చినా అసలు ఏఈడీ ప్యాడ్లు తెచ్చి దీనికి తగిలించకండి, దీని ప్యాడ్లు దానికీ వాడకండి. రెండింటినీ వేర్వేరు అల్మారాల్లో పెట్టండి.