అడవి అంచున ఇల్లు – 3వ పాఠం: నిప్పురవ్వలు దూరే సందులు

వాలు 10 డిగ్రీలు పెరిగితే పైకి పాకే కార్చిచ్చు వేగం దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి, కొండ నెత్తిన ఇల్లు వద్దని పోయిన పాఠంలో అనుకున్నాం. ఇక ఇంటి సంగతి.

మంట వచ్చి గోడకు తగిలితేనే ఇల్లు కాలుతుందని మనం అనుకుంటాం. ఆస్ట్రేలియాలో తేలింది వేరు. అక్కడ ఎక్కువ ఇళ్లు గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వల వల్లే అంటుకున్నాయి, కొన్నయితే మంట దాటిపోయిన గంటల తర్వాత. అందుకే కార్చిచ్చు ముప్పున్న చోట ఇల్లు ఎలా కట్టాలో చెప్పే వాళ్ల ఏ.ఎస్. 3959 ప్రమాణం సందుల మీద అంత పట్టుగా ఉంటుంది. గాలి కంతలకు బిగించే జాలీ రంధ్రం 2 మి.మీ. మించకూడదు, జాలీ లోహానిదై ఉండాలి. మనం కిటికీలకు కొట్టించే నైలాన్ దోమతెర వేడికి కరిగి జారిపోతుంది. స్టీలు జాలీ అడగండి.

బెంగళూరులో ఉద్యోగం, కనకపుర అవతల అర ఎకరం ఉన్న మనవాళ్లకు మంగళూరు పెంకులంటే మోజు. పెంకు కాలదు, నిజమే. కానీ పెంకుకీ పెంకుకీ మధ్య సందు ఉంటుంది, దాని కింద ఎండిన చెక్క వాసాలు, ఎలుకలు చేర్చిన చెత్త. ఒక్క రవ్వ చాలు. పెంకులే కావాలంటే కింద ఆర్.సి.సి. స్లాబ్ పోయించి, అందం కోసం పైన పరిపించుకోండి. రిసార్టు లుక్ అని తాటాకు, వెదురు కప్పు వేయించడం మాత్రం నాకు అర్థం కాదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ చుట్టుపక్కల గడ్డి ఎలా ఎండుతుందో చూసినవాళ్లెవరూ ఆ పని చేయరు. 2019లో బండీపుర అడవి తగలబడింది కూడా ఫిబ్రవరిలోనే.

పక్కన జామాయిల్ తోట ఉంటే ఇంకాస్త జాగ్రత్త. దాని బెరడు పేలికలుగా ఊడి, అంటుకుని, గాలిలో చాలా దూరం పోతుంది. వాననీటి గట్టర్లలో ఆకులు నిలవకుండా చూడండి, అసలు గట్టరే లేకపోతే మరీ మంచిది.

ఈ వారం అభ్యాసం: పెంకుటిల్లు ఉన్నవాళ్లు మిట్టమధ్యాహ్నం తలుపులు, కిటికీలు మూసి, లైట్లు ఆపి, పైకి చూడండి. వెలుతురు దూరిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తలుపుల అడుగున కూడా చూడండి, అక్కడ అందరం మర్చిపోతాం.

వచ్చే పాఠం నీళ్ల ట్యాంకు, డీజిల్ పంపు గురించి. మంటలప్పుడు కరెంటు ఉంటుందని నమ్ముకోకూడదు.