నార్కాన్ పెట్టెకు తాళం వద్దు

నేను అమెరికాలో ఒక యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో ఫార్మసిస్టుని. నార్కాన్ అంటే ముక్కులో కొట్టే స్ప్రే. ఓపియాయిడ్లు, అంటే హెరాయిన్, ఫెంటనిల్ లాంటి నల్లమందు తరహా మందులు, మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్న మనిషిని అది బతికిస్తుంది. తమ క్యాంపస్‌లో దాన్ని పెట్టించాలని తిరుగుతున్న విద్యార్థి సంఘాల వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి. హెల్త్ సెంటర్లు చాలావరకు సాయంత్రానికే మూసేస్తారు. ప్రాణం మీదికి వచ్చేది అర్ధరాత్రి దాటాక, డార్మ్ గదిలో. కాబట్టి డార్ముల్లో, లైబ్రరీలో, గోడకుండే ఏఈడీ (గుండె ఆగితే షాక్ ఇచ్చే యంత్రం) పక్కనే పెట్టించండి. తాళం వద్దు, సంతకం వద్దు, ఐడీ కార్డు స్వైప్ చేయడం అసలే వద్దు. పేరు రాయమంటే పిల్లలు ఆ ఛాయలకే రారు. మనవాళ్లకైతే వీసా ఏమవుతుందోనన్న టెన్షన్ అదనం.

మందు దొరకడం ఇప్పుడు కష్టం కాదు. 2023 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 4 మిల్లీగ్రాముల నార్కాన్ స్ప్రేను ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి అనుమతిచ్చింది. 2023లో అలా అమ్మకానికి వచ్చినప్పుడు రెండు డోసుల పెట్టె సుమారు 45 డాలర్లు ఉండేది. కొనేముందు మీ రాష్ట్ర, కౌంటీ ఆరోగ్య శాఖలను అడగండి, చాలాచోట్ల ఉచితంగానే ఇస్తారు. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలు, స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లు దీన్ని అందుబాటులో ఉంచాలని 2022లో చట్టమే చేశారు.

“ఇది పెడితే డ్రగ్స్‌ను ప్రోత్సహించినట్టే కదా” అని పైవాళ్లు తప్పకుండా అంటారు. పరీక్షల ముందు రాత్రి మేలుకోవడానికి ఎవరి దగ్గరో కొన్న అడెరాల్ (ఏకాగ్రత కోసం డాక్టర్లు రాసే ఉత్తేజక మందు) మాత్ర సంగతి చెప్పండి. అది నకిలీదై, అందులో ఫెంటనిల్ ఉండొచ్చు. మార్ఫిన్ కన్నా దాదాపు 100 రెట్లు బలమైన మందు అది. అలవాటు లేని ఒంటికి రవ్వంత చాలు, ఊపిరి ఆగిపోతుంది. అలాంటి మాత్ర మింగేవాళ్లు డ్రగ్స్ మనుషులు కాదు, మన పిల్లలే. ఒంట్లో ఓపియాయిడ్ లేనివాళ్లకు పొరపాటున కొట్టినా నార్కాన్ హాని చేయదు.

ట్రైనింగ్‌కు పావుగంట చాలు, కానీ ఖాళీ డెమో స్ప్రే అందరి చేతికీ ఇవ్వండి. పిలిచినా లేవకపోవడం, ఊపిరి బాగా నెమ్మదించడం, గొంతులో గురక లాంటి చప్పుడు, పెదవులు నీలంగా మారడం ఓవర్‌డోస్‌కు గుర్తులు. వెంటనే అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, బొటనవేలు కింది మీట మీద, రెండు వేళ్లు గొట్టానికి అటూ ఇటూ పెట్టి, ఆ వేళ్లు ముక్కుకు తగిలేదాకా లోపలికి పెట్టి నొక్కాలి. పనిచేస్తుందో లేదో చూద్దామని ముందే గాల్లో కొట్టకూడదు, ఒక్కో స్ప్రేలో ఉండేది ఒక్క డోసే. ఊపిరి అందకపోతే అయిదు సెకన్లకొకసారి నోటితో ఊదాలి. రెండు మూడు నిమిషాల్లో కదలిక రాకపోతే రెండో ముక్కు రంధ్రంలో రెండో స్ప్రే కొట్టాలి. తేరుకున్నాక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒంటరిగా వదలకండి. మందు 30 నుంచి 90 నిమిషాలే పనిచేస్తుంది, ఆ తర్వాత ఊపిరి మళ్లీ తగ్గొచ్చు.

చాలా రాష్ట్రాల్లో, సాయం కోసం ఫోన్ చేసినవాళ్లను కేసుల నుంచి కాపాడే గుడ్ సమారిటన్ చట్టాలున్నాయి, కానీ రక్షణ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. సాయం కోసం ఫోన్ చేసినవాళ్ల మీద కాలేజీ క్రమశిక్షణ చర్య తీసుకోదని రాతపూర్వకంగా తీసుకుని, ఆ మాటను పెట్టె మీదే అంటించండి.

చివరగా, పెట్టె బాధ్యత ఒక మనిషికి అప్పజెప్పండి. నెలనెలా గడువు తేదీ చూడాలి, ఎండలో నిలిపిన కారులో స్టాకు ఉంచకూడదు, ఖాళీ అయితే ఏ నంబరుకు మెసేజ్ పెట్టాలో మూత లోపల రాసి ఉండాలి.