కండరాలను సడలించే మందును విడగొట్టే ఎంజైమ్‌లోని మ్యుటేషన్‌ను (జన్యుమార్పును) స్ఫటిక నిర్మాణంలో చూడటం ఎలా?

ఆపరేషన్‌కు ముందు గొంతులో గొట్టం వేయడానికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ (ఆసుపత్రుల్లో స్కోలిన్ అంటారు) ప్రభావం సాధారణంగా కొన్ని నిమిషాల్లోనే తగ్గిపోతుంది, ఎందుకంటే రక్తంలోని బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దానిని విడగొడుతుంది. ఈ ఎంజైమ్ లోపించిన వారికి శ్వాస తిరిగి రావడానికి గంటలు పట్టవచ్చు. ఆర్యవైశ్యులలో కనిపించే ఇలాంటి లోపానికి, ఎంజైమ్ గొలుసులోని 307వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్ గొలుసులోని ఒక్కో ముక్క) బదులు ప్రోలిన్ అనే మరొకటి రావడం కారణమని 2006లో వెలువడిన అధ్యయనం తెలిపింది. హైదరాబాద్‌లో ఆర్యవైశ్య కుటుంబాలు ఎక్కువే కనుక ఇది ఇక్కడి వారికి దూరపు సంగతి కాదు.

ముందుగా ప్రోటీన్ల త్రీడీ నిర్మాణాలను ఉంచే ప్రోటీన్ డేటా బ్యాంక్ సైట్‌లో, ఈ ఎంజైమ్ నిర్మాణం కోసం ‘1పీ0ఐ’ అని ఆంగ్ల అక్షరాలతో వెతికి, త్రీడీ చిత్రాన్ని తెరవండి. ఇది ఉచితం, ఫోన్ కన్నా కంప్యూటర్ నయం. 2003లో 2 ఆంగ్‌స్ట్రాముల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు) స్పష్టతతో వెలువడిన ఈ నిర్మాణం పూర్తిగా సహజమైనది కాదు: స్ఫటికం ఏర్పడేందుకు ప్రోటీన్ తోకను కత్తిరించి, చక్కెరలు అతుక్కునే నాలుగు చోట్లను మార్చారు.

తరువాత అమైనో ఆమ్లాల వరుసలో 198వ సెరిన్, 325వ గ్లుటామేట్, 438వ హిస్టిడిన్‌లను ఎంచుకోండి. ఎంజైమ్‌లో దాదాపు 20 ఆంగ్‌స్ట్రాముల లోతున్న గొయ్యి అడుగున మందును కోసే పని ఈ మూడింటిదే. దగ్గరలోని 82వ ట్రిప్టోఫాన్ మందులోని కోలిన్ భాగాన్ని పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు 307కు వెళ్లండి. జన్యు నివేదికలో 335 అని ఉంటే కంగారు పడవద్దు. ప్రోటీన్ తయారయ్యాక తెగిపోయే మొదటి 28 అమైనో ఆమ్లాలను కూడా అందులో లెక్కించారు. ఈ లూసిన్ కోత పెట్టే ముగ్గురిలో లేదు, అసలు విషయం అక్కడే ఉంది. ప్రోలిన్ వలయం గొలుసును బిగించేస్తుంది. పైగా హెలిక్స్‌ను (గొలుసు స్ప్రింగులా చుట్టుకున్న భాగాన్ని) నిలిపే బంధానికి కావలసిన హైడ్రోజన్ దాని నైట్రోజన్‌పై ఉండదు. అందువల్ల ప్రోటీన్ సరిగా మడత పడకపోవడమే అసలు చిక్కని అనుకోవడం సబబు. అణువులను త్రీడీలో చూపే పైమాల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రోలిన్‌ను అక్కడ పెట్టి చూడవచ్చు గానీ, ఆ చిత్రం ప్రోటీన్ మడత పడుతుందో లేదో చెప్పదు.

ఇంట్లో ఎవరికైనా మత్తు తరువాత శ్వాస ఆలస్యమై ఉంటే, ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు చేసే పరీక్షలో (పీఏసీ) ఆయనకు చెప్పి, సూడోకోలినెస్టరేజ్ (ఇదే ఎంజైమ్‌కు మరో పేరు) రక్తపరీక్ష గురించి అడగండి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (ఒక్కొక్కరిలో జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలో మాత్రమే ఈ మార్పు ఉంటే) ప్రతి బిడ్డకూ ఈ లోపం వచ్చే అవకాశం 25 శాతం కనుక, తోబుట్టువులకూ ఆ పరీక్ష చేయించడం మంచిది.