ఖరీదైన కాస్టింగ్ రాడ్: లూర్ దూరం పోకపోయినా, లైన్ తెగుతున్నా ఏం చూడాలి?

తీరం దగ్గరి చేపల వేటకు ఎక్కువ ధర పెట్టి కాస్టింగ్ రాడ్ (రీల్ పైవైపు బిగించే గాలపు కర్ర) కొన్నవారి నుంచి వచ్చే ఫిర్యాదులు ముఖ్యంగా రెండు. లూర్ (కృత్రిమ ఎర) అనుకున్నంత దూరం పోవడం లేదన్నది ఒకటి, విసిరేటప్పుడు లైన్ తెగిపోతోందన్నది మరొకటి. ఈ రెండింటిలోనూ రాడ్ బ్లాంక్ (కర్ర భాగం) తప్పు ఉండడం చాలా అరుదు. రీల్ బ్రేకు సరిచేసుకోవడం, బొటనవేలితో స్పూల్‌ను (లైన్ చుట్టి ఉండే చక్రాన్ని) అదుపు చేయడం తెలిసినవారికే రాస్తున్నాను కనుక ఆ పాఠాల జోలికి పోవడం లేదు.

లక్షణం: లూర్ దూరం పోదు, స్పూల్ మీద లైన్ చిక్కుపడుతుంది

కారణం: లూర్ బరువుకూ రాడ్‌కూ పొంతన లేకపోవడం. పిడికి కాస్త పైన, రాడ్ మీదే ముద్రించి ఉన్న అంకెలను చదవకుండా రీల్ బేరింగులు మార్చినవారినీ, చివరికి రాడ్‌నే అయినకాడికి అమ్ముకున్నవారినీ చూసి చూసి విసుగు పుట్టింది. లూర్ 3/8–1 ఔన్స్ అని రాసి ఉంటే, సుమారు 10.5 గ్రాముల నుంచి 28 గ్రాముల వరకు అని అర్థం. లోతు తక్కువ నీటిలో వాడే 1/8 ఔన్స్ జిగ్ హెడ్ (బరువైన తల ఉన్న గాలపు ముల్లు) మూడున్నర గ్రాములే ఉంటుంది. దానికి చిన్న ప్లాస్టిక్ ఎర తొడిగినా పది గ్రాములు దాటడం అరుదు. అంత తేలిక బరువుకు ఆ రాడ్ వంగదు. రాడ్ వంగకపోతే విసిరే పనంతా భుజం మీద పడుతుంది, భుజబలంతో విదిలించినప్పుడు స్పూల్ ముందుగా వేగం అందుకుని లూర్ వెనకబడుతుంది, మిగిలేది చిక్కు విప్పుకునే పని.

పరిష్కారం: చిన్న డిజిటల్ త్రాసు. ప్యాకెట్ మీద రాసే బరువు జిగ్ హెడ్‌ది మాత్రమే కనుక ఎరను తొడిగి, విసిరే రూపంలోనే తూచాలి. ఆ బరువు రాడ్ మీద రాసిన పరిధికి నడుమ పడాలి, అంచున పడితే చాలదు. ఎక్కువగా 10 నుంచి 14 గ్రాముల లూర్లు వాడేవారికి 1/4–5/8 ఔన్స్ దరిదాపుల్లో రాసి ఉన్న రాడ్ సరిపోతుంది. మీడియం, మీడియం లైట్ అన్న పేర్లను నమ్మి కొనకండి. వాటికి అన్ని కంపెనీలూ పాటించే ఉమ్మడి కొలత అంటూ లేదు కనుక ఒకరి మీడియం మరొకరి మీడియం హెవీ కావచ్చు. అంకెలే ప్రమాణం. ఐదు గ్రాములకు లోపు లూర్లే వాడతానంటే పంతం మాని స్పిన్నింగ్ రాడ్ (రీల్ కిందివైపు ఉండే రకం) తీసుకోవడం మేలు.

లక్షణం: విసిరేటప్పుడు లైన్ తెగి, లూర్ ఒక్కటే ఎగిరిపోతుంది

మొదట తెగిన కొసను చూడండి. చాలామంది దాన్ని కత్తిరించి పారేసి కొత్త ముడి వేసుకుంటారు, దానితో ఉన్న ఒక్క సాక్ష్యం కూడా పోతుంది. లీడర్ (లూర్‌కు ముందు కట్టే వేరే లైన్ ముక్క) దగ్గర నున్నగా తెగితే చేప పళ్ల పని, లేదా పండుగప్ప, స్నూక్ వంటి చేపల మొప్పల అంచు చేసిన పని. తెగేముందు స్పూల్ ఠక్కున ఆగి కుదుపు వచ్చిందంటే, వదులుగా చుట్టిన బ్రెయిడ్‌లో (సన్నని పోగులతో అల్లిన లైన్‌లో) పై పొర కింది పొరల్లోకి దిగబడిందని అర్థం. లైన్ అంతా వదిలి, తడిగుడ్డతో బిగించి పట్టుకుని తిరిగి చుట్టుకుంటే తీరిపోతుంది. ఈ రెండూ కాకుండా, కుదుపేమీ లేకుండానే బ్రెయిడ్ మధ్యలో తెగి, కొస నూలు పోగులా పీచుపీచుగా ఉంటే అప్పుడు అనుమానించవలసింది గైడ్ రింగును (రాడ్ పొడవునా లైన్ దూరి వెళ్లే రింగు), అందులోనూ ముందుగా కొన రింగును.

ఈ కారణం ఎంతటివారినైనా బోల్తా కొట్టిస్తుంది. ఖరీదైన రాడ్లకు వాడే సిలికాన్ కార్బైడ్ రింగు ఎంతో కఠినమైనది. బ్రెయిడ్ రుద్దుడుకు దాని మీద గాడి పడదు, కానీ దెబ్బ తగిలితే చిట్లుతుంది. ఆ చిట్లు వెంట్రుకంత సన్నగా ఉన్నా దాని అంచు బ్లేడులా పనిచేస్తుంది. కొత్త లైన్ వేసిన తరువాత కొంతకాలం అంతా బాగానే ఉంటుంది కనుక పాత లైన్ నాసిరకమని తేల్చేస్తారు, పీచు లేచి మళ్లీ తెగినప్పుడు కొత్త లైన్‌ను కూడా తిట్టుకుంటారు. పైగా కాస్టింగ్ రాడ్‌లో గైడ్లు పైవైపు ఉంటాయి. చేప బరువుకు రాడ్ వంగినప్పుడు లైన్ రింగులో బ్లాంక్ వైపు అంచును ఒత్తుకుంటుంది. పై నుంచి చూసే కంటికి సరిగ్గా ఆ అంచే ఆనదు.

దెబ్బ ఎలా తగులుతుందంటే, జిగ్ హెడ్‌నో స్వివెల్‌నో (లైన్ మెలిపడకుండా తిరిగే లంకెనో) కొన రింగుకు కొట్టుకునేదాకా చుట్టేయడం వల్ల, ముల్లును హుక్ కీపర్‌కు (దాన్ని తగిలించడానికే రాడ్ మీద పెట్టిన చిన్న కొక్కేనికి) కాకుండా గైడ్ రింగుకే తగిలించడం వల్ల, పడవలో రాడ్లన్నిటినీ కట్టగా పడేయడం వల్ల.

పరీక్షకు దూది ముందుగా గుర్తొస్తుంది, దూది పోగు చిక్కుకుంటే చిట్లు ఉన్నట్లే. అయితే చిక్కుకోకపోతే లేనట్లు కాదు. సన్నని చిట్లు మీద దూది జారిపోతుంది. పాత నైలాన్ మేజోడు ముక్క ఇంకా నమ్మకమైనది. అన్నిటికంటే గట్టి పరీక్ష మీరు వాడే బ్రెయిడే. మూరెడు ముక్కను రింగులో దూర్చి, రెండు కొసలూ కిందికి లాగి పట్టుకుని, బ్లాంక్ వైపు అంచు మీద కాస్త ఒత్తిడితో ఇరవై ముప్ఫై సార్లు ముందుకూ వెనక్కూ లాగాలి. లైన్‌ను కొద్దికొద్దిగా పక్కకు జరుపుతూ అంచు మొత్తాన్ని చుట్టిరావాలి. తరువాత ఆ ముక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పీచు లేచిందో లేదో తెలిసిపోతుంది. రింగును గోటితో తిప్పి చూడండి, ఫ్రేములో కదిలితే అది కూడా పనికిరాదు.

పరిష్కారం: చిట్లిన రింగుకు జిగురు పూయడం వృథా, గైడ్‌నే మార్చాలి. కొన గైడ్ మార్చడం ఇంట్లో చేసుకోదగ్గ పని. దాని లోహపు గొట్టాన్ని మాత్రమే కొన్ని సెకన్లు వేడిచేసి, పట్టకారుతో పట్టుకుని, మెలితిప్పకుండా తిన్నగా లాగాలి. మంట బ్లాంక్‌కు సోకితే కార్బన్ పొరలను పట్టి ఉంచే రెసిన్ పాడవుతుంది. రాకపోతే మొండికేయవద్దు, కొన్నిటికి ఎపాక్సీ పెట్టి ఉంటారు, దాన్ని రాడ్లు బాగుచేసేవారికి అప్పగించండి. కొత్త గైడ్ గొట్టం లోపలి కొలత బ్లాంక్ కొనకు సరిపోవాలి. దాన్ని హాట్ మెల్ట్ జిగురుతో అమర్చి, జిగురు గట్టిపడేలోపు మిగతా గైడ్లతో వరుస కలిసిందో లేదో పిడి వైపు నుంచి చూసి సరిచేయాలి. మధ్య గైడ్ అయితే పాత దారపు చుట్టును కోసి కొత్తది చుట్టాలి. కోసేటప్పుడు బ్లేడు గైడ్ పాదం మీదనే నడవాలి, బ్లాంక్ మీద పడిన ఒక్క గీత చాలు, రాడ్ ఎప్పుడో ఒకనాడు అక్కడే విరుగుతుంది.

గైడ్ మార్చాక చాలామంది వదిలేసే పని ఒకటుంది. చిట్లు మీదుగా నడిచిన బ్రెయిడ్ అప్పటికే దెబ్బతిని ఉంటుంది. మీరు విసిరే దూరమంత లైన్‌ను కత్తిరించి పారేయండి, లేదా మొత్తం తిరగేసి చుట్టండి. ఇది చేయకుండా మళ్లీ తెగిందని కొత్త గైడ్‌ను నిందిస్తే లాభం లేదు. కొత్త రాడ్ కొనేటప్పుడు కూడా బ్లాంక్ ఎన్ని టన్నుల కార్బన్ అని అడిగే ముందు ఇదే పరీక్షను దుకాణంలో ఒక్కో రింగుకు చేయండి. ఉప్పునీటిలో వాడే రాడ్‌కు టైటానియం ఫ్రేములు ఉంటే తుప్పు బెడద కూడా తప్పుతుంది.

మిగతావి

విసిరేటప్పుడు టిక్కుమని శబ్దం వస్తే లీడర్ ముడి సన్నని గైడ్లకు తగులుతోంది. ముడి కొన గైడ్‌కు బయటే ఉండేలా లీడర్‌ను కురచ చేయండి, లేదా సన్నగా ఉండే ఎఫ్‌జీ ముడి వేయండి. చేపను దగ్గరకు తెచ్చాక రాడ్ పైభాగం విరిగితే, రాడ్‌ను నిట్టనిలువుగా ఎత్తడమో, అంతకుముందెప్పుడో బ్లాంక్‌కు జిగ్ హెడ్ తగలడమో కారణం. గైడ్ పాదాల దగ్గర ఎపాక్సీలో తెల్లని గీతలు కనిపించినా పట్టించుకోనక్కరలేదు, అక్కడ తుప్పు రంగు ఊరితే మాత్రం ఆ గైడ్‌ను మార్చాలి. బ్లాంక్‌లో తయారీ లోపం, రీల్ సీట్ (రీల్‌ను బిగించే భాగం) ఊడిపోవడం వంటివి చాలా అరుదు, అవి వారంటీలో చూసుకోవలసినవి.